డేటా లీకైందని కంపెనీ మెయిల్ పంపితే ఎలా చదవాలి

ఒక ఆన్‌లైన్ సర్వీస్ కంపెనీలో, సెక్యూరిటీ సమస్య వచ్చినప్పుడు కస్టమర్లకు వెళ్లే మెయిల్స్ రాయడం నా ఉద్యోగంలో భాగం. "మా సిస్టమ్‌లోకి ఎవరో చొరబడ్డారు" అని చెప్పే ఆ మెయిల్ తయారయ్యేటప్పుడు ఇంజనీర్లు, లాయర్లు, పీఆర్ వాళ్లు, సపోర్ట్ వాళ్లు అందరూ కూర్చుంటారు. ఒక్కో వాక్యం మీద చాలాసేపు వాదన నడుస్తుంది. అందుకే అందులో ఏ మాటా ఊరికే పడదు. అందుకున్నవాళ్లు మాత్రం "మీ భద్రతే మాకు ముఖ్యం" అన్న మొదటి లైను చూసి మూసేస్తారు, లేదంటే టెన్షన్ పడి కనిపించిన లింకు నొక్కేస్తారు. రెండూ వద్దు. కాసేపు కూర్చుని చదివితే ఏం పోయిందో, మీరేం చేయాలో చాలావరకు తేలిపోతుంది.

ముందు ఆ లింకు సంగతి. ఏదైనా పెద్ద లీక్ వార్తల్లోకి రాగానే అదే కంపెనీ పేరుతో దొంగ మెయిల్స్ మొదలవుతాయి. కాబట్టి కంపెనీ అడ్రస్ బ్రౌజర్‌లో మీరే టైప్ చేసి, లేదా ఫోన్‌లో ఉన్న యాప్ తెరిచి, అదే ప్రకటన అక్కడ కూడా ఉందో లేదో చూడండి. 2017లో ఎక్విఫాక్స్ అనే అమెరికన్ క్రెడిట్ బ్యూరో (జనం అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థ) డేటా పోయినప్పుడు, ఆ కంపెనీ బాధితుల కోసం కొత్త పేరుతో ఒక వెబ్‌సైట్ పెట్టింది. ఆ పేరులోని పదాలను అటూ ఇటూ మార్చి, ఇది ఎంత ప్రమాదమో చూపించడానికి ఒక డెవలపర్ నకిలీ సైటు పెట్టాడు. కంపెనీ ట్విటర్ ఖాతా నుంచే ఆ నకిలీ లింకు కస్టమర్లకు వెళ్లింది. సొంత ఉద్యోగులే పోల్చుకోలేకపోయిన లింకు అది.

తర్వాత తేదీలు వెతకండి. మూడు కావాలి: దొంగలు లోపలికి వచ్చిన రోజు, కంపెనీ గమనించిన రోజు, మీకు చెప్పిన రోజు. మొదటి రెండింటి మధ్య ఎడం ఎక్కువైతే, తీరిగ్గా కాపీ చేసుకునేంత సమయం వాళ్లకు దొరికిందని అర్థం. చివరి రెండింటి మధ్య ఎడాన్ని బట్టి కంపెనీ తీరు తెలుస్తుంది. అయితే కొంత ఎడం తప్పదు. కన్నం పూడ్చాలి, లాగ్‌లు (సిస్టమ్‌లో ఎవరు ఎప్పుడు ఏం చేశారో నమోదయ్యే రికార్డులు) చదవాలి, ఎవరెవరి వివరాలు పోయాయో లెక్క తేల్చాలి. యూరప్‌లో వ్యక్తిగత డేటా రక్షణకున్న జీడీపీఆర్ చట్టం 72 గంటలు అంటుందని చాలామంది చెబుతుంటారు. ఆ గడువు నియంత్రణ సంస్థకు తెలియజేయడానికి. వినియోగదారులకైతే, ముప్పు ఎక్కువగా ఉన్నప్పుడు అనవసర జాప్యం లేకుండా చెప్పాలంటుంది, గంటలు నిర్ణయించలేదు. అందుకే రెండు వారాలు పట్టిందని నేను ఏ కంపెనీనీ వెంటనే తప్పుపట్టను. ఉబర్ సంగతి వేరు. 2016లో 5 కోట్ల 70 లక్షల మంది వివరాలు పోతే, చొరబడినవాళ్లకు లక్ష డాలర్లు చెల్లించి, 2017 నవంబర్ దాకా బయటపెట్టలేదు. అప్పటి సెక్యూరిటీ అధిపతిని 2022లో అమెరికా కోర్టులో దోషిగా తేల్చారు. మీకు వచ్చిన మెయిల్‌లో తేదీలే లేకుండా "ఇటీవల" అని మాత్రమే ఉంటే, అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

ఇక ఏం పోయిందన్న భాగం. పేరు, ఈమెయిల్, ఫోన్ నంబర్ లాంటివి సూటిగానే రాస్తారు. పాస్‌వర్డ్ దగ్గరికి వచ్చేసరికి భాష మెత్తబడుతుంది. "పాస్‌వర్డ్‌లు సురక్షిత రూపంలో ఉన్నాయి" అంటారు. ఏ రూపంలో అన్నదే అసలు విషయం. సరైన పద్ధతిలో నడిచే సర్వీస్ మీ పాస్‌వర్డ్‌ను దాచుకోదు. దాన్నుంచి లెక్కకట్టిన హ్యాష్‌ను, అంటే చూస్తే అర్థంకాని ఒక అక్షరాల వరుసను మాత్రమే ఉంచుకుంటుంది. హ్యాష్ నుంచి పాస్‌వర్డ్‌ను వెనక్కి రాబట్టలేం. కానీ దొంగలు కోట్లాది ఊహలకు హ్యాష్ కట్టి, ఏది సరిపోతుందో పోల్చి చూస్తారు. ఎండీ5, షా-1 లాంటి పాత హ్యాష్ పద్ధతులు చాలా వేగంగా పనిచేస్తాయి కాబట్టి ఆ పని సులువు. బీక్రిప్ట్, ఆర్గాన్2 లాంటివి కావాలనే నెమ్మదిగా ఉండేలా తయారైనవి. దానికి తోడు ఒక్కొక్కరి పాస్‌వర్డ్‌కు వేరే సాల్ట్ (ఏదో ఒక యాదృచ్ఛిక అక్షరాల గుంపు) కలిపి హ్యాష్ కడితే, ఒకరి కోసం చేసిన లెక్క ఇంకొకరికి పనికిరాదు. లింక్డ్‌ఇన్ 2012లో సాల్ట్ లేని షా-1 వాడుతోంది. మొదట దాదాపు 65 లక్షల హ్యాష్‌లు బయటపడ్డాయి. నాలుగేళ్ల తర్వాత అదే లీక్ నుంచి 11.7 కోట్ల ఈమెయిల్, పాస్‌వర్డ్ జతలు అమ్మకానికి వచ్చాయి. అడోబీ 2013లో హ్యాష్‌కు బదులు, కీ ఉంటే మళ్లీ విప్పగలిగేలా ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచింది. ఒకే పాస్‌వర్డ్ ఎంతమంది పెట్టుకున్నా అందరికీ ఒకేలా కనిపించేది, పక్కనే గుర్తు కోసం రాసుకున్న హింట్ మామూలు అక్షరాల్లో ఉండేది. కాబట్టి మెయిల్‌లో పద్ధతి పేరు, సాల్ట్ ప్రస్తావన ఉంటే, పొడవాటి పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్లకు కొంత వ్యవధి ఉన్నట్టే. "సురక్షితం" అని ఊరుకుంటే, మీ పాస్‌వర్డ్ దొంగల చేతిలో ఉందనే అనుకుని నడుచుకోండి.

నేను ప్రతిసారీ పోట్లాడే వాక్యం ఇంకొకటి ఉంది: "మీ డేటా దుర్వినియోగమైనట్టు ఎలాంటి ఆధారాలూ లేవు." లాగ్‌లన్నీ ఉండి, వాటిని మొదటి రోజు నుంచీ చదివి, ఏమీ కనిపించక అలా రాస్తే దానికి విలువ ఉంది. లాగ్‌లు నెల రోజులకే చెరిగిపోయి, దొంగలు ఆరు నెలలు లోపల తిరిగి ఉంటే కూడా అదే వాక్యం రాయొచ్చు, అదీ అబద్ధం కాదు. ఏ లాగ్‌లు చూశాం, ఏ తేదీ నుంచి చూశాం అన్నది పక్కనే రాయమని నేను అడుగుతాను. లాయర్లకు నచ్చదు. చదివేవాళ్లకు మాత్రం అది తెలియాలి.

మొదటి మెయిల్‌తో కథ అయిపోయిందనుకోకండి. యాహూ 2016 సెప్టెంబర్‌లో 50 కోట్ల ఖాతాల వివరాలు పోయాయంది. డిసెంబర్‌లో, 2013 నాటి మరో దాడిలో 100 కోట్లంది. 2017 అక్టోబర్‌లో ఆ రెండో సంఖ్యను 300 కోట్లకు, అంటే మొత్తం ఖాతాలకు మార్చింది. పాస్‌వర్డ్‌లు దాచిపెట్టే సర్వీస్ లాస్ట్‌పాస్ 2022 ఆగస్టులో తన సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడ్ పోయిందని మాత్రమే చెప్పింది. డిసెంబర్‌కల్లా కస్టమర్ల వాల్ట్‌ల (పాస్‌వర్డ్‌లు దాచుకునే ఖజానాల) బ్యాకప్‌లు కూడా కాపీ అయ్యాయనీ, వాటిలో వెబ్‌సైట్ అడ్రస్‌లు ఎన్‌క్రిప్ట్ కాలేదనీ ఒప్పుకుంది. దర్యాప్తు సాగేకొద్దీ కొత్త విషయాలు తేలడం సహజమే. "ఇప్పటివరకు తెలిసింది ఇంత, మళ్లీ ఫలానా రోజు చెబుతాం" అని రాసే కంపెనీని నేను ఎక్కువ నమ్ముతాను.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. ముందు మీ ఈమెయిల్ ఖాతా చూసుకోండి, ఎందుకంటే మిగతా అన్ని సర్వీసుల రీసెట్ లింకులూ అక్కడికే వస్తాయి. దానికి ఇంకెక్కడా వాడని పాస్‌వర్డ్ పెట్టి, టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయండి. ఎస్సెమ్మెస్ కంటే, ఫోన్‌లోనే కోడ్ తయారుచేసే అథెంటికేటర్ యాప్ మేలు. మీకు తెలియని రికవరీ నంబర్ గానీ, మెయిల్స్ వేరే అడ్రస్‌కు ఫార్వర్డ్ అయ్యే సెట్టింగ్ గానీ ఉందేమో చూడండి. ఆ తర్వాత లీకైన సర్వీస్‌లో పాస్‌వర్డ్ మార్చి, "అన్ని డివైజ్‌ల నుంచి లాగౌట్" నొక్కండి. పాస్‌వర్డ్ మారినా పాత లాగిన్‌లు కొన్నిచోట్ల అలాగే ఉండిపోతాయి. ఆ ఖాతాకు కనెక్ట్ చేసిన వేరే యాప్‌లు ఉంటే తీసేయండి.

అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడ వాడారో గుర్తు చేసుకుని అక్కడా మార్చండి. ఇది బద్ధకించే పని కాదు. 2023లో 23అండ్‌మీ అనే జన్యు పరీక్షల కంపెనీ విషయంలో దొంగలు వేరే చోట లీకైన పాస్‌వర్డ్‌లతో సుమారు 14,000 ఖాతాల్లోకి మాత్రమే వెళ్లారు. బంధువులను వెతికే ఫీచర్ వల్ల అక్కడి నుంచి 69 లక్షల మంది సమాచారం చేజిక్కించుకున్నారు. మీ ఈమెయిల్ ఏయే పాత లీకుల్లో ఉందో తెలుసుకోవడానికి సెక్యూరిటీ నిపుణుడు ట్రాయ్ హంట్ 2013లో మొదలుపెట్టిన హ్యావ్ ఐ బీన్ పోన్డ్ సైటు ఉంది, ఉచితమే.

పుట్టినతేదీ, చిరునామా లాంటివి పోతే మార్చుకోలేం. ఆ వివరాలన్నీ చెబుతూ కంపెనీ పేరుతో ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేసి, యాప్‌లో ఉన్న నంబర్‌కు మీరే చేయండి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.

చివరగా, సపోర్ట్‌కు ఇలా రాయండి: "నా ఖాతాకు సంబంధించి ఏయే వివరాలు బయటికి పోయాయి? చొరబాటు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు జరిగింది? పాస్‌వర్డ్‌లను ఏ పద్ధతిలో హ్యాష్ చేశారు, సాల్ట్ ఉందా? లాగ్‌లు ఎంతకాలానికి ఉన్నాయి?" ఇలాంటి మెయిల్స్ పదిమంది నుంచి వచ్చినా మా మీటింగ్‌లో చర్చకు వస్తాయి, తర్వాతి ప్రకటనలో జవాబు చేరుతుంది. వారం దాటినా బదులు రాకపోతే, ప్రైవసీ పాలసీ పేజీలో సాధారణంగా డేటా ప్రొటెక్షన్ అధికారి ఈమెయిల్ ఇస్తారు. అదే ఉత్తరం అక్కడికి పంపండి. ఆ సర్వీస్ ఇక అక్కర్లేదనుకుంటే, ఖాతా మూసి డేటా చెరిపేయమని కూడా అందులోనే అడగండి.