మార్వాడీ గుర్రపు పిల్లల కొలతలు: తీసే పద్ధతి, ఎదుగుదల లెక్క

లోపలికి వంగి, కొసలు ఒకదానికొకటి తగిలే చెవులను బట్టి రాజస్థాన్‌లోని మార్వాడ్ ప్రాంతపు గుర్రాన్ని ఎవరైనా గుర్తుపడతారు. పెంపకందారుకు మాత్రం అంతకన్నా ముఖ్యమైనవి మూపు దగ్గర ఎత్తు, శరీరం పొడవు, ఛాతీ చుట్టుకొలత. వీటిని నెలనెలా ఒకే పద్ధతిలో తీసి రాసుకుంటేనే పిల్ల ఎదుగుదల తెలుస్తుంది.

గుర్రాన్ని చదునైన గట్టి నేల మీద, నాలుగు కాళ్లపై సమంగా బరువు పడేలా, తల మరీ ఎత్తకుండా, మరీ దించకుండా నిలబెట్టాలి. ఇసుక నేలలో గిట్టలు కూరుకుపోతాయి కనుక అక్కడ తీసిన ఎత్తును నమ్మకూడదు. మెడ ముగిసి వీపు మొదలయ్యే చోట ఉబ్బెత్తుగా కనిపించే ఎముకే మూపు. దాని మీద అడ్డకర్ర ఆనించి, నిలువు కొలబద్దతో నేల వరకు కొలవాలి. పొడవును భుజం ముందు కొస నుంచి పిరుదు వెనుక కొస వరకు తీయాలి. ఛాతీ కొలతకు టేపును మూపు వెనుకగా, ముందుకాళ్లకు ఆనుకుని చుట్టి, గుర్రం ఊపిరి వదిలినప్పుడు చదవాలి.

ఎక్కువ జాగ్రత్త కావలసింది ఈ చివరి కొలతకే. ఎదిగిన గుర్రం బరువును కిలోలలో అంచనా వేయడానికి ఛాతీ కొలతను దానితోనే హెచ్చించి, వచ్చినదాన్ని పొడవుతో హెచ్చించి, 11,880తో భాగిస్తారు. కొలతలన్నీ సెంటీమీటర్లలో ఉండాలి. ఛాతీ 160, పొడవు 150 అయితే బరువు సుమారు 323 కిలోలు. టేపు వదులై ఛాతీ 165 అని చదివితే అదే గుర్రం 344 కిలోలు తూగినట్టు కనిపిస్తుంది. పిల్లలకు ఈ భాజకం సరిపోదు, అసలు బరువు కన్నా తక్కువ చూపుతుంది. వాటిని తూకం మీద నిలబెట్టడమే మంచిది.

గుర్రపు పిల్ల పొడవాటి కాళ్లతో పుడుతుంది. సవారీ జాతులలో పుట్టినప్పటి ఎత్తు పెద్ద గుర్రం ఎత్తులో సుమారు 60 శాతం, బరువు మాత్రం 10 శాతమే. ఆరు నెలలకు ఎత్తు 80 శాతం దాటుతుంది, ఏడాదికి 90 శాతానికి చేరుతుంది. బరువు అప్పటికి మూడింట రెండు వంతుల దగ్గర ఉంటుంది. కనుక ఏడాది పిల్ల సన్నగా, కాళ్లే కనిపించేలా ఉందని దిగులుపడి దాణా పెంచకూడదు. అతివేగంగా బరువెక్కిన పిల్లల ఎముకల చివరలు, కీళ్లు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఎదిగే వయసులో నడుము వెనుక భాగం మూపు కన్నా ఎత్తుగా కనిపించడం కూడా సహజమే. అందుకే రెండు చోట్లా ఎత్తు కొలవడం నాకు మేలనిపిస్తుంది.

కొలతల పక్కన తేదీ, పాలు మాన్పించిన రోజు, నట్టల మందు పట్టిన రోజు, జబ్బు చేసిన రోజులు కూడా రాయాలి. ఒక నెల ఎదుగుదల మందగించినప్పుడు కారణం వెతకవలసింది ఆ వరుసలోనే.