పాత డీజిల్ కారు: ఇంజెక్టర్లు మార్చాకే పంపు మీద చెయ్యి వెయ్యాలి

పాత డీజిల్ బండి నల్లపొగ వదిలితే చాలామంది చెయ్యి మొదట వెళ్లేది డీజిల్ పంపు వెనకున్న, డీజిల్ మోతాదును మార్చే స్క్రూ మీదికే. నిజానికి ఆఖర్న ముట్టుకోవాల్సింది అది. నాజిల్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ మొన) కారుతుంటే స్క్రూ తగ్గించడంవల్ల పొగతోపాటు పికప్పు కూడా పోతుంది తప్ప నాజిల్ బాగుపడదు. ముందు ఎయిర్ ఫిల్టరు, తర్వాత ఇంజెక్టర్లు, ఆపైన టైమింగు (డీజిల్ చిమ్మే సమయం), చివరికి స్క్రూ. ఇదంతా బాష్ వీఈ రోటరీ పంపు (ఒకే పంపు అన్ని సిలిండర్లకూ డీజిల్ పంచే రకం), ప్రీ-చాంబర్ హెడ్డు (డీజిల్ ముందు చిన్న గదిలో అంటుకునే రకం) ఉన్న మెకానికల్ ఇంజన్లకు. ఇంజెక్టర్లలో ఒకదానికి వైరు కనిపిస్తే ఆ పంపును కంప్యూటర్ నడుపుతోందన్నమాట. అక్కడ ఈ స్క్రూల పద్ధతి పనికిరాదు.

తేడా ఏ సిలిండర్‌లో ఉందో ముందు తేల్చుకోండి. ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టును గుడ్డ కప్పి కొద్దిగా వదులు చేసి, మళ్లీ బిగించాలి. వదులు చేయగానే ఇంజన్ కుంటితే ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టే. ఏ మార్పూ లేకపోతే తేడా అక్కడే. టకటక శబ్దం ఆగిపోతే నాజిల్ సూది పట్టేసిందనో, కారుతోందనో అనుమానించాలి. కంప్రెషన్ పడిపోయినా మార్పు లేనట్టే కనిపిస్తుంది కాబట్టి, కొత్త ఇంజెక్టర్లు కొనేముందు కంప్రెషన్ కొలిపించడం మంచిది. కళ్లద్దాలు తప్పనిసరి. పైపు నుంచి గానీ, ఇంజెక్టర్‌ను పరీక్షించే టెస్టర్ మీద నాజిల్ నుంచి గానీ చిమ్మే డీజిల్‌కు చెయ్యి అడ్డం పెట్టొద్దు. అది చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. అలా జరిగితే గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

విప్పేముందు పైపుల చుట్టూ ఉన్న మట్టిని బ్రష్‌తో, డీజిల్‌తో శుభ్రంగా కడగాలి. ఒక్క ఇసుక రేణువు పడినా కొత్త నాజిల్ పాడవుతుంది. 17 సైజు స్పానర్‌తో రెండు చివర్లా నట్లు విప్పి, పైపులన్నీ ఒకే గుత్తిగా తీసేయండి. వంచి పక్కకు జరిపితే తర్వాత సీటు సరిగా కూర్చోదు. ఇంజెక్టర్‌కు ఎక్కువ బళ్లలో 27 సైజు పొడవు సాకెట్ పడుతుంది. తుప్పు పట్టి ఉంటే ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి.

ఎక్కువమంది దెబ్బతినేది అడుగున ఉండే హీట్ షీల్డ్ వాషర్ దగ్గర. మంట గ్యాసును ఆపడం, నాజిల్ మొనలోని వేడిని హెడ్డుకు లాగేయడం, రెండూ దాని పనే. ఒకసారి బిగిస్తే అది నలిగిపోతుంది, రెండోసారి సీల్ కాదు. పాతదే వేస్తే కొన్నాళ్లకు ఇంజెక్టర్ చుట్టూ తారులా నల్లటి మడ్డి పేరుకుంటుంది, చుఫ్ చుఫ్‌మని శబ్దం వస్తుంది, నాజిల్ కాలిపోతుంది. ఇంకో చిక్కు: పాత వాషర్ రంధ్రంలోనే అతుక్కుని ఉండిపోతుంది, దాని మీద కొత్తది వేసేస్తారు. టార్చి వేసి అడుగు చూడండి, వంచిన తీగతో లాగండి. ఏ ముఖం పైకి ఉందో తీసేటప్పుడే గుర్తు పెట్టుకుని, ఆ ఇంజన్ మాన్యువల్ బొమ్మతో సరిచూసుకోండి.

నాజిల్ నంబరు (బాష్‌లో డిఎన్0ఎస్‌డితో మొదలయ్యేవి) కలిసినంత మాత్రాన ఇంజెక్టర్ సరిపోయినట్టు కాదు, తెరుచుకునే ప్రెషర్ కూడా కలవాలి. ఫోక్స్‌వాగన్ 1.6 లీటర్ల డీజిల్ ఇంజన్‌లో టర్బో లేనిదానికి కొత్తవి సుమారు 130 బార్, టర్బోదానికి 155 బార్ దగ్గర తెరుచుకుంటాయి. టెస్టర్ మీద ఆ ప్రెషర్‌కు 20 బార్ తక్కువలో పది సెకన్లు పట్టి ఉంచితే మొన దగ్గర చుక్క రాలకూడదు. లోపలి షిమ్ (పలుచటి బిళ్ల) 0.05 మిల్లీమీటర్లు మందం పెంచితే ప్రెషర్ సుమారు 5 బార్ పెరుగుతుంది. నాలుగు ఇంజెక్టర్లూ ఒకే అంకె దగ్గర ఉండాలి, లేకపోతే ఐడ్లింగ్ ఎప్పటికీ నిలకడగా ఉండదు. ఇంజెక్టర్ బిగింపు ఈ ఇంజన్‌లో 70 న్యూటన్ మీటర్లు, పైపు నట్లకు 25. మిగతా బళ్లకు మాన్యువల్ అంకెలే పాటించండి. మిగిలిన డీజిల్‌ను వెనక్కి పంపే రిటర్న్ గొట్టాలు ఎలాగూ ఎండిపోయి ఉంటాయి, కొత్తవి వేసేయండి.

గాలి తీయడం సులువే. ఫిల్టరును శుభ్రమైన డీజిల్‌తో నింపి, రెండు పైపుల నట్లు ఇంజెక్టర్ దగ్గర వదులుగా ఉంచి సెల్ఫ్ కొట్టండి. బుడగలు పోయి డీజిల్ రాగానే బిగించండి. సెల్ఫ్‌ను ఒకేసారి పదిహేను సెకన్లకు మించి తిప్పొద్దు. పంపుకున్న రెండు బాంజో బోల్టులు (లోపలినుంచి డీజిల్ పారే బోలు బోల్టులు) చూడ్డానికి ఒకలాగే ఉన్నా, ‘అవుట్’ అని అచ్చుపడిన దానిలో సన్నటి రంధ్రం ఉంటుంది. పొరపాటున రెండూ తారుమారైతే పంపు లోపలి ప్రెషర్ నిలవదు, అడ్వాన్స్ (వేగం పెరిగేకొద్దీ డీజిల్‌ను ముందుగా చిమ్మించే ఏర్పాటు) పనిచేయదు, బండి లాగదు.

టైమింగు కోసం పంపు వెనక, నాలుగు పైపుల మధ్యనున్న ప్లగ్ తీసి అడాప్టర్‌తో డయల్ గేజ్ (సన్నటి కదలికను ముల్లుతో చూపే కొలత పరికరం) బిగించాలి. కోల్డ్ స్టార్ట్ కేబుల్ పూర్తిగా లోపలికి నెట్టి ఉండాలి, అది లాగి ఉంటే కొలత తప్పొస్తుంది. ఇంజన్‌ను వెనక్కి తిప్పుతూ పోతే ముల్లు ఒకచోట ఆగుతుంది, అక్కడ సున్నా పెట్టండి. ఆపైన మామూలు దిశలో టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకి చేరే స్థానం) గుర్తు వరకు తెచ్చి చదవండి. గుర్తు దాటిపోతే కొంచెం వెనక్కి తెచ్చి సరిపెట్టొద్దు. బెల్టు సడలి కొలత మారుతుంది, మొదటినుంచి తిప్పాలి. ఫోక్స్‌వాగన్ 1.6 నాన్-టర్బోకు 0.90 మిల్లీమీటర్లు రావాలి. తేడా ఉంటే పంపు బోల్టులతోపాటు పైపు నట్లు కూడా వదులు చేసి, పంపును తిప్పి, బిగించి, మళ్లీ కొలవండి. బోల్టులు బిగించేటప్పుడు కూడా అంకె కదులుతుంది. ఈ అంకె (లిఫ్ట్) తక్కువైతే చలిలో తెల్లపొగ, నీరసం. ఎక్కువైతే గట్టి నాకింగు.

ఇంతా అయ్యాక కూడా నల్లపొగ ఉంటేనే స్క్రూ. బయటికి కనిపించే మరలు ఎన్నో లెక్కపెట్టి రాసుకుని లాక్ నట్టు వదలండి. లోపలికి తిప్పితే డీజిల్ పెరుగుతుంది, బయటికి తిప్పితే తగ్గుతుంది. ఒక్కసారికి ఎనిమిదో వంతు చుట్టుకు మించొద్దు. ప్రతిసారీ ఐడ్లింగ్ మారుతుంది, దాన్ని దాని స్క్రూతోనే సరిచేయండి. పవర్ కోసం లోపలికి తిప్పుకుంటూ పోతే మంట వేడికి పిస్టన్లు కరుగుతాయి. మరీ ఎక్కువైతే యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ వేగం దిగదు, కీ తీసేసి ఆపాలి. కీ తీసినా ఆగకపోతే బ్రేకు గట్టిగా తొక్కి, టాప్ గేర్‌లో క్లచ్ వదిలేయండి.