సినగాగ్‌లో (యూదుల ప్రార్థనా మందిరంలో) ఓటు ఏర్పాట్లు: పంచాంగం దగ్గర మొదలుపెట్టండి

బబులోనుకు చెరగా వెళ్లిన యూదులకు యిర్మీయా ప్రవక్త ఉత్తరం రాస్తూ (29:7), మీరున్న పట్టణం క్షేమం కోరండి, అది బాగుంటేనే మీరూ బాగుంటారు అన్నాడు. ఓటును మతధర్మంగా చెప్పే అమెరికా యూదులు తరచుగా ఎత్తే వాక్యం ఇది. ప్రజలను అడగకుండా వాళ్ల మీద నాయకుణ్ణి నియమించకూడదని యూదుల ధర్మశాస్త్ర గ్రంథమైన తాల్మూద్ కూడా చెబుతుంది. ఆరాధన గుడారం పనికి ఎంచిన శిల్పి బెసలేలు మీకు సమ్మతమేనా అని దేవుడే మోషేను అడిగి, తర్వాత ప్రజలనూ అడిగి రమ్మన్నాడట. 1984లో రబ్బీ (యూదు మతగురువు) మోషే ఫైన్‌స్టైన్, తమకు స్వేచ్ఛనిచ్చిన దేశం మీద కృతజ్ఞతతో యూదులు పేరు నమోదు చేసుకుని ఓటెయ్యాలని లేఖ రాశారు. యూదు ధర్మంలోని 613 ఆజ్ఞల జాబితాలో ఓటు పేరెత్తి చెప్పలేదు నిజమే. కానీ సమాజం నుంచి విడిపోవద్దన్న ప్రాచీన యూదు గురువు హిల్లేల్ మాట ఓటుకు వర్తించదని ఎవరనగలరు?

ధర్మం అనుకున్నాక దాన్ని తేదీ తప్పకుండా జరిపించాలి. పెన్సిల్వేనియాను ఉదాహరణగా తీసుకుందాం. అక్కడ 2024 ప్రైమరీ (పార్టీల అభ్యర్థులను ఎంచుకునే ఎన్నిక) ఏప్రిల్ 23న, సరిగ్గా యూదుల పస్కా పండుగ మొదటి రోజున పడింది. పండుగ నియమాలు పాటించేవాళ్లు ఆ రోజు కలం పట్టరు, కారెక్కరు. కాబట్టి ఎన్నికల తేదీ తెలియగానే దాన్ని హీబ్రూ క్యాలెండర్ పక్కన పెట్టి చూడండి. నవంబరు ఎన్నికలు మంగళవారమే కాబట్టి శనివారపు విశ్రాంతి దినమైన సబ్బాతుతో చిక్కు లేదు. చిక్కంతా నమోదు గడువుతో వస్తుంది. పెన్సిల్వేనియాలో అది పోలింగుకు 15 రోజుల ముందు ముగుస్తుంది. దానికి ముందు వారాలు చాలా ఏళ్లు రోష్ హషానా (కొత్త సంవత్సరం), యోమ్ కిప్పూర్ (ప్రాయశ్చిత్త దినం), సుక్కోత్ (పర్ణశాలల పండుగ)లతో నిండిపోతాయి. జనం సినగాగ్ నిండా ఉండే ఆ పండుగ రోజుల్లోనే ఫారం నింపడానికి వీల్లేదు.

అందుకే నమోదు బల్ల ఈ పండుగలకు ముందొచ్చే ఎలూల్ నెలలోనే వెయ్యండి. పిల్లలను హీబ్రూ బడికి దింపడానికి తల్లిదండ్రులు వచ్చే ఆదివారం ఉదయం మంచి సమయం. యోమ్ కిప్పూర్ నాటికి ఇంకో ఉపాయం ఉంది. విరాళాల కోసం చాలా సినగాగ్‌లు వాడే మడత చీటీల్లాంటివి ముందుగానే అచ్చు వేయించి కుర్చీల్లో పెట్టండి. "పోస్టులో వేస్తాను", "బూత్‌కి వెళ్తాను", "నాకు బండి కావాలి" అని అంచుల్లో ఉంటే, రాయకుండా మడిచి ఇస్తారు. ఎవరి చీటీయో తెలియాలంటే పేరు కూడా ముందే అచ్చయి ఉండాలి.

బల్ల దగ్గర మొదటి ప్రశ్న పౌరసత్వం గురించే. పౌరుడు కానివారు పొరపాటున ఫారం నింపినా తర్వాత వలస చిక్కులు వస్తాయి. గ్రీన్‌కార్డు మీద ఉన్న తెలుగువాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఆ తర్వాత లైసెన్సు నంబరు, అది లేకపోతే సోషల్ సెక్యూరిటీలో చివరి నాలుగంకెలు కావాలి. పార్టీ గడి ఖాళీగా వదిలితే ప్రైమరీలో అభ్యర్థులకు ఓటుండదని చెప్పండి, ఏ పార్టీ రాయాలో మాత్రం చెప్పకండి. పన్ను మినహాయింపు ఉన్న సంస్థలు అభ్యర్థి పక్షం వహించకూడదని 1954 నుంచి చట్టంలో ఉంది. చట్టం లేకపోయినా మేం ఇదే చెబుతాం, రెండు పక్షాలవాళ్లూ ఒకే మందిరంలో ప్రార్థిస్తారు కదా.

ఎక్కువ ఓట్లు చెడేది పోస్టల్ బ్యాలట్ దగ్గరే. 2019 చట్టం తర్వాత పెన్సిల్వేనియాలో దానికి కారణం చెప్పక్కర్లేదు. దరఖాస్తు మాత్రం పోలింగుకు ముందు మంగళవారం సాయంత్రం 5 లోపు చేరాలి. బ్యాలట్‌ను ముందు గోప్యతా కవరులో పెట్టి, దాన్ని బయటి కవరులో పెట్టాలి. లోపలి కవరు మరిచిపోతే ఓటు లెక్కించరు. బయటి కవరు మీద సంతకం, తేదీ రాయాలి. కొందరు అక్కడ పుట్టిన తేదీ రాసేస్తారు, ఆ రోజు తేదీ రాయాలి. పోలింగు రోజు రాత్రి 8 గంటలకు కవరు కౌంటీ చేతికి అంది ఉండాలి, తపాలా ముద్రను లెక్కలోకి తీసుకోరు. పస్కా లాంటి పండుగ అడ్డొస్తే వారం ముందే పంపేయండి. సాయం చేద్దామని ఇంటింటికీ తిరిగి కవర్లు పోగుచెయ్యకండి. వైకల్యం ఉండి ప్రత్యేక ఫారం ఇచ్చినవారివి తప్ప ఎవరి కవరు వారే ఇవ్వాలి, భర్తది భార్య ఇచ్చినా తప్పే.

బూత్‌కి వెళ్లేవాళ్ల కోసం మడత చీటీలు చూసి బళ్లు కుదర్చండి. ఆ బూత్‌లో మొదటిసారి ఓటేసేవారు గుర్తింపు కార్డు పట్టుకెళ్లాలి. రాత్రి 8కి వరుసలో నిలబడి ఉంటే ఓటు హక్కు పోదు. జాబితాలో పేరు లేదంటే వెనక్కి రాకండి, ప్రొవిజనల్ బ్యాలట్ (అర్హత తేలాక లెక్కించే ఓటు) ఇమ్మని అడగండి.