వాన వెలిశాక తొట్లకొండ ఎలా చూడాలి?

విశాఖ దగ్గర ప్రాచీన బౌద్ధ విహార శిథిలాలున్న తొట్లకొండకు శీతాకాలమే మంచిదని ఊళ్లో చాలామంది చెబుతారు కానీ, ఆ కొండను చూడవలసింది వాన వెలిసిన రెండో రోజు ఉదయమే. దుమ్ము కడుక్కుపోయి ఇటుక వరసలు ఎర్రగా విడివిడిగా కనిపించేది అప్పుడే.

రబ్బరు అడుగున్న బూట్లు, టోపీ, లీటరు నీళ్లు చాలు. గొడుగు వద్దు, సముద్రపు గాలికి నిలవదు. భీమిలి రోడ్డులో ఋషికొండ దాటాక మంగమారిపేట దగ్గర కొండదారి పట్టాలి.

పైకి చేరాక అందరిలా మహాస్తూపం వైపు పరుగెత్తకుండా ముందుగా తొట్ల దగ్గరికి వెళ్లండి. రాతిలో తొలిచిన ఈ తొట్లవల్లే కొండకు ఆ పేరు వచ్చింది. భిక్షువులు వానాకాలం మూడు నెలలు ఒకేచోట ఉండి వర్షావాసం గడిపేవారు. 128 మీటర్ల ఎత్తున అంతమందికి నీళ్లెలా దొరికాయన్నది మే నెల ఎండలో వట్టి తొట్లు చూసినవారికి అర్థం కాదు, నిండిన తొట్టి పక్కన నిలబడితే అడగనక్కరలేదు.

ఇక అసలు జాగ్రత్త అడుగు వేయడంలో ఉంది. పైకి ఆరినట్లు కనిపించే రాయి మీద, ముఖ్యంగా నీడపట్టున, నల్లటి నాచు పొర మిగిలే ఉంటుంది. నేను జారిపడింది అలాంటి చోటే. ముందుగా బూటు కొనతో రుద్ది చూడండి, జిగురుగా తగిలితే చుట్టు తిరిగి వెళ్లండి. మడమ ముందు ఆనించకుండా పాదమంతా ఒక్కసారిగా మోపాలి, దిగేటప్పుడు పక్కవాటుగా దిగాలి, పిల్లల చెయ్యి వదలకూడదు, తొట్టి అంచుల మీద నిలబడకూడదు.

ఇటుక గోడల మీదికి మాత్రం ఏ కాలంలోనూ ఎక్కకండి. తడిసిన ఇటుక నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, లోపలి మట్టి వదులవుతుంది. 2019 అక్టోబరు వానలకు ఇక్కడి మహాస్తూపమే కొంత కూలింది, తర్వాత బాగుచేశారు. ఫొటో కోసం గోడెక్కేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

సాయంత్రం వెళ్దామనుకునేవారికి నా మాట వద్దనే, ఎందుకంటే వెలుతురు తగ్గేకొద్దీ నాచు కంటికి ఆనదు. ఉదయం పది దాటితే ఉక్కపోత మొదలవుతుంది. అదే రోజు దగ్గర్లోని మరో బౌద్ధ క్షేత్రం బావికొండ కూడా చూడాలంటే అంతకుముందే దిగండి. అక్కడా ముందు బావులు, ఆ తర్వాతే స్తూపాలు.