విండోస్ రీస్టోర్ చేశాక డి డ్రైవ్ తెరుచుకోకపోతే: సమస్య - పరిష్కారం

ల్యాప్‌టాప్‌లో విండోస్ మళ్ళీ ఎక్కించాక సి డ్రైవ్ బాగానే ఉంటుంది. ఫొటోలు, సర్టిఫికెట్లు దాచుకున్న డి మీద క్లిక్ చేస్తే మాత్రం ఫార్మాట్ చేయమని అడుగుతుంది. ఎంత టెన్షన్‌గా ఉన్నా అక్కడ క్యాన్సిల్ నొక్కండి. తిరిగే పళ్ళెం లేకుండా చిప్‌లతో పనిచేసే ఎస్‌ఎస్‌డీ డిస్క్ అయితే మరీ జాగ్రత్త. క్విక్ ఫార్మాట్ చేసినా విండోస్ ట్రిమ్ ఆదేశం (ఈ డేటా ఇక అక్కర్లేదని డిస్క్‌కు చెప్పడం) పంపుతుంది, ఆ తర్వాత ఫైళ్ళు తిరిగి రావడం దాదాపు అసాధ్యం.

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. డి ఉండాల్సిన గడిలో ఏమని రాసి ఉందో దాన్ని బట్టే కారణం తెలుస్తుంది.

ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైళ్ళను అమర్చుకునే పద్ధతి) అని ఉంది, డి లాంటి అక్షరం లేదు
డేటాకు ఏమీ కాలేదు. ఆ గడి మీద రైట్ క్లిక్ చేసి డ్రైవ్ లెటర్ ఇవ్వండి, చాలు.

డ్రైవ్ తెరుచుకుంటుంది, ఫోల్డర్లు "యాక్సెస్ డినైడ్" అంటాయి
ఆ ఫోల్డర్లకు పాత విండోస్‌లోని యూజర్ ఓనర్. కొత్త విండోస్‌లో పేరు అదే పెట్టుకున్నా లోపలి గుర్తింపు సంఖ్య వేరు. ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్ళి ఓనర్‌గా మీ యూజర్‌ని పెట్టండి.

బిట్‌లాకర్ ఎన్‌క్రిప్టెడ్ (విండోస్ డ్రైవ్‌కు వేసే తాళం) అని ఉంది
ఈమధ్య ల్యాప్‌టాప్‌లలో ఇది ఎక్కువ. విండోస్ 11లో 2024 నాటి 24హెచ్2 వెర్షన్ నుంచి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే చాలా మెషీన్లలో ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అవుతుంది. అందుకే "నేనెప్పుడూ తాళం వేయలేదు" అనుకునేవాళ్ళకూ ఈ సమస్య వస్తుంది. డి తాళం దానంతట అదే తెరుచుకోవడానికి కావలసిన సమాచారం పాత సి డ్రైవ్‌లో ఉండేది, రీస్టోర్‌లో అది పోయింది. ఇప్పుడు 48 అంకెల రికవరీ కీ కావాలి. అప్పట్లో వాడిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి ఫోన్‌లోనైనా లాగిన్ అయి, డివైజ్‌ల పేజీలో వెతకండి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఐటీ వాళ్ళను అడగండి. ఒకటి కంటే ఎక్కువ కీలు కనిపిస్తే, స్క్రీన్ మీద చూపే కీ ఐడీతో సరిపోల్చుకోండి. కీ ఎక్కడా దొరక్కపోతే ఏ సాఫ్ట్‌వేరూ ఈ తాళం తీయలేదు. తీస్తామని డబ్బులు అడిగేవాళ్ళను నమ్మకండి.

రా (RAW) అని ఉంది
విభజన (పార్టిషన్) ఉంది కానీ చాలాసార్లు దాని బూట్ సెక్టార్, అంటే విభజన వివరాలుండే మొదటి భాగం, పాడై ఉంటుంది. అందుకే ఫైల్ సిస్టమ్‌ను, అంటే ఫైళ్ళ అమరికను, విండోస్ గుర్తుపట్టడం లేదు. డిస్క్ తప్పులు సరిచేసే విండోస్ పరికరం చెక్‌డిస్క్ ఇక్కడ పనిచేయదు, రా డ్రైవ్‌లకు కుదరదని చెప్పి ఆగిపోతుంది. ఊరట ఏమిటంటే, ఎన్‌టీఎఫ్‌ఎస్ తన బూట్ సెక్టార్ కాపీని విభజన చివరి సెక్టార్‌లో దాచుకుంటుంది. టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్రోగ్రామ్ దాన్ని బయటికి తీస్తుంది. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి డిస్క్ ఎంచుకోండి, అడ్వాన్స్‌డ్‌లో ఆ విభజన మీద నిలబడి బూట్ నొక్కండి. మొదటిది బ్యాడ్, బ్యాకప్ ఓకే అని వస్తే బ్యాకప్ బీఎస్ (బూట్ సెక్టార్ కాపీని తిరిగి పెట్టడం) ఎంచుకుని, రీస్టార్ట్ చేయండి. డిస్క్ నుంచి టకటక శబ్దం వస్తుంటే మాత్రం ఇవేవీ చేయకుండా ఆపేసి, డేటా రికవరీ చేసేవాళ్ళకు ఇవ్వండి.

అన్‌అలొకేటెడ్ (ఏ విభజనకూ కేటాయించని ఖాళీ) అని ఉంది
రీస్టోర్ విభజనల పట్టికనే మార్చేసింది. కొత్త వాల్యూమ్ సృష్టించకండి. టెస్ట్‌డిస్క్‌లోనే అనలైజ్, క్విక్ సెర్చ్ చేస్తే పాత విభజన కనిపించవచ్చు. అక్కడే పీ నొక్కి ఫైళ్ళు చూడండి, సీ నొక్కి వేరే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. పట్టికను డిస్క్ మీద రాయించేది అవన్నీ బయటికి వచ్చాకే.