మౌసు మాత్రం మీరు పట్టుకోకండి

మా కడవరి దిన పరిశుద్ధుల (ఎల్‌డీఎస్) సంఘంలో నాకు కుటుంబ చరిత్ర సలహాదారు పిలుపు, అంటే సభ్యులకు పూర్వీకులను వెతకడంలో సాయపడే సేవా బాధ్యత, వచ్చిన కొత్తలో, సాయం అడిగిన సహోదరి పక్కన కూర్చుని మౌసు నేనే లాక్కున్నాను. గంటలో వంశవృక్షంలోకి మూడు తరాలు ఎక్కించేశాను. మరుసటి ఆదివారానికి ఆవిడకు లాగిన్ ఎలా అవ్వాలో కూడా గుర్తులేదు. అప్పట్నుంచి నా చేతులు నా ఒళ్లోనే ఉంటాయి. ఈ పిలుపు కొత్తగా అందుకున్న మీకూ అదే చెబుతాను.

మొదటి రోజు కంప్యూటరు తెరవను. "మీ నాన్నమ్మ పేరేంటండీ?" అంటాను. ఇంట్లో పాత బైబిలు ముందు పేజీలు, బాప్తిస్మపు పత్రాలు, సమాధి రాయి ఫోటోలు వెతకమంటాను. పెద్దవాళ్లుంటే ముందు వాళ్లకు ఫోను. చర్చి రిజిస్టరు వచ్చే వారమైనా చూడొచ్చు.

తర్వాత ఫ్యామిలీసెర్చ్, మా సంఘం నడిపే వంశవృక్షాల వెబ్‌సైటు. ఖాతా ఉచితం. బతికున్నవాళ్ల వివరాలు ఊరందరికీ కనబడవని ముందే చెప్పండి, చాలామంది భయం అదే. అక్కడ వంశవృక్షం అందరికీ కలిపి ఒక్కటే కాబట్టి, కొత్త పేరు చేర్చేముందు ఆ మనిషి ఇప్పటికే ఉన్నారేమో వెతికించండి.

అసలు పని చర్చి రిజిస్టర్లలో ఉంది. ఇండెక్సులో, అంటే రిజిస్టరు నుంచి పేర్లు, తేదీలు ఎక్కించిన జాబితాలో, దొరికిందని సంబరపడకుండా, అసలు పేజీ బొమ్మ తెరిపించండి. ఇండెక్సు రాసినవాళ్లు వదిలేసిన సాక్షులు, జ్ఞాన తల్లిదండ్రులు అక్కడుంటారు. వాళ్లలో చాలాసార్లు మేనమామో పెద్దమ్మో దొరుకుతుంది. లాటిన్ రిజిస్టరులో జాకోబస్ అని ఉంటే ఇంట్లో జేమ్స్ అని పిలిచిన మనిషే కావచ్చు. బాప్తిస్మం తేదీని పుట్టినరోజు గడిలో వేయనివ్వకండి.

ఒకాయన ఇంగ్లండు రిజిస్టరు చూస్తూ ఉన్నట్టుండి మాట మానేశాడు. పూర్వీకుల పెళ్లి 1720 మేలో, బిడ్డ బాప్తిస్మం 1720 ఫిబ్రవరిలో! 1752కి ముందు అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అంటే ఆ ఫిబ్రవరి మన లెక్కలో 1721. వేళ్ల మీద తొమ్మిది నెలలు లెక్కపెట్టి, ఆయన గట్టిగా నవ్వాడు.

చనిపోయిన పూర్వీకుల తరఫున మా దేవాలయంలో చేసే బాప్తిస్మం వంటి విధులకు పేరు పంపేముందు ఒకటి చూడాలి. ఆ వ్యక్తి పుట్టి 110 ఏళ్లు కాకపోతే, బతికున్న దగ్గరి బంధువు అనుమతి కావాలి. భార్యో భర్తో, పిల్లలో, తల్లిదండ్రులో, తోబుట్టువులో. ఎన్నేళ్లుగానో మాటల్లేని పెదనాన్న కొడుక్కి ఫోను చేయాల్సి రావచ్చు. ఆ ఫోను సభ్యులే చేయాలి. నేను లేచి మంచినీళ్ల కోసం బయటికి వెళ్తాను.