షెడ్డులో చోటు ఇలా దొరికింది

గాజువాకలో మా ఇంటి పక్క రేకుల షెడ్డు చాలా చిన్నది. లేత్ (ఇనుప రాడ్డుని గుండ్రంగా తిప్పుతూ చెక్కే మిషన్), డ్రిల్లింగ్ మిషన్, గ్రైండర్, వైస్ బల్ల, ఇనుప ముక్కలు పెట్టాక నేను నిలబడటానికే చోటు లేదు.

లేత్‌ని గోడకు ఆనించెయ్యమని అందరూ చెప్పారు. నేను వినలేదు. వెనక చెయ్యి పట్టకపోతే చిప్స్ (చెక్కినప్పుడు రాలే ఇనుప తునకలు) తీయడం, బెల్టు మార్చడం నరకం. అడుగు వదిలి, హెడ్‌స్టాక్‌ని అంటే రాడ్డుని పట్టి తిప్పే కొసని, తలుపు వైపు తిప్పాను. పొడవైన రాడ్డు స్పిండిల్ బోరులోంచి (తిరిగే ఇరుసు మధ్య రంధ్రంలోంచి) వెనక్కి వచ్చినా తలుపు తీస్తే సరి. కాకపోతే బయటికొచ్చిన రాడ్డుకు సపోర్టు ఇవ్వాల్సిందే. లేకపోతే స్పీడులో వంగి కొరడాలా కొడుతుంది. ఆ సమయంలో పిల్లల్ని అటు రానివ్వను.

గ్రైండర్‌ని మాత్రం బ్రేకులున్న చక్రాల స్టాండుకు బిగించి, పని ఉన్నప్పుడు బయటికి లాగుతున్నాను. దాని రాతిపొడి లేత్ బెడ్ (మిషన్ భాగాలు జరిగే పొడవాటి ఇనుప పీఠం) మీది నూనెలో కలిస్తే బెడ్ అరిగిపోతుంది.

రాడ్డుని బిగించి పట్టే బరువైన చక్‌లు కింది అరలోకి వెళ్ళాయి. కొలతలు తీసే వెర్నియర్, మైక్రోమీటర్ గోడకు తగిలిద్దామనుకున్నా గానీ వైజాగ్ ఉప్పుగాలికి అది కుదరదు. నూనె గుడ్డలో చుట్టి మూత ఉన్న పెట్టెలో పెట్టాను. రాడ్డు ముక్కలన్నీ పాత పీవీసీ పైపుల్లో నిలువుగా నిలబెట్టాను. జానెడు కన్నా చిన్నవి పాత ఇనుప సామాన్ల కొట్టుకే. వాటిని వదులుకోవడమే కష్టమైంది. ఇత్తడివి ఇంకా డబ్బాలో ఉన్నాయి, మా ఆవిడకి చెప్పకండి.